మూడు గుండ్లు తక్కువ

ఇసురువల ఆరేసి
మా ఎర్రయ్య గుండ్లు లెక్కెట్టినాడు.
రెండొందల పన్నెండు ఉండాల,
మూడు తక్కువ.
సముద్రం మింగిందిలేరా అన్నాను,
అది మింగనిదేటుంది.

మంచినీళ్లపేటలో మా ఇంటి పొయ్యి
పొద్దున గంజికి, మాపటేల సీసానికి.
టెక్కలి నుంచి పాత బేటరీలు వచ్చేవి.
పలకలు ఇరిచి మూకుట్లో ఏస్తే
కాసేపు మొండికేసి
ఆనక అద్దంలాగ పరుసుకునేది.
కొత్తకోడలిగా ఉన్నప్పుడు
అందులో నా మొకం సూసుకున్నాను కూడాను.
గుంటలు సుట్టూ కూకునేవోరు.
బొట్లు ఇసకలో పడి సల్లారితే
నాదంటే నాదని ఏరుకునేవోరు.
ఆ గరిటే బూడిదెట్టి తోమి
పులుసులో తిప్పేదాన్ని.
తోమితే పోనిదేటుందని.

గుండు తాడుకి పట్టించాలంటే
పళ్ళ మజ్జినెట్టి కొరకాల.
మా అత్త అలగే కొరికింది, నానూ కొరికినాను.
సీసం మెత్తనిది, మాట వింటాది,
ఇనుంలాగ ఎదురు తిరగదు.
చిగుళ్ళ వారన నీలంగీత ఒకటి పడితే
కిళ్ళీమరక అనుకున్నాను.

మనవడు తవిటేసు. రెండో తరగతి.
నిరుడు ఎక్కాలు గడగడా అప్పజెప్పినోడు
ఈయేడు ఏడో ఎక్కం కాడ ఆగి
గోడకేసి సూస్తాడు.
కడుపునొప్పంటే వాము నమిలించినాను.
చెల్లిని కొరికితే దిష్టన్నాను.
మిరపకాయలు తిప్పి అదే పొయ్యిలో ఏసినాను.
ఘాటు రాలేదు.
సూసినారా, దిష్టే, అన్నాను.

సిక్కోలు పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ ఎక్సరే తీసి ఎలుగులో ఎట్టింది.
బిడ్డ పొట్టలో
తెల్లగా, గుండ్రంగా,
రేతిరి రేవులో ఒక్క దీపంలాగ.
"ఇంట్లో ఏం పని చేస్తారమ్మా?"
"ఏటి సేస్తాం తల్లీ, ఒండుకుంటాం, తింటాం."
నన్ను నోరు తెరవమంది.
బిడ్డకి బాగోకపోతే నా నోరెందుకు?
టార్చి ఏసి సూసి
సానాసేపు ఏటీ మాటాడలేదు.

రెండోది ఆడి సొక్కా జేబులో దొరికింది,
అంచులన్నీ అరిగిపోయి, నున్నగా.
ఎందుకురా అంటే
సప్పరిస్తే తియ్యగుంటాదే మామ్మా, అన్నాడు.

విశాఖపట్నం నుంచి నెత్తురు కాయితం వచ్చింది.
అంకెలు నాకు తెలవవు,
డాక్టరమ్మ మొకం తెలిసింది.
పొట్టలోది తీసేస్తాం,
నెత్తుట్లోది మందుకి మెల్లిగా దిగుతాది, అంది.
పోయిన ఎక్కాలన్నీ తిరిగొస్తాయా అంటే
పాలియ్యండి, ఆకుకూర పెట్టండి,
తినేముందు చేతులు కడగండి, అంది.
నానడిగింది అది కాదు.

"వల మునగాలంటే బరువుండాల గదా"
అన్నాడు ఎర్రయ్య ఆ రేతిరి,
ఎవులితో అన్నాడో.
పూండి కాడ ఇనప గొలుసులు ఏస్తారంట.
తుప్పట్టేస్తాది, ఖరీదూ ఎక్కువే.
అడిగొస్తాననైతే అన్నాడు.

మూకుడు ఏటి సెయ్యాలో తోచలేదు.
కడల్లో పారేస్తే సేప తింటాది,
సేపని మనం తింటాం.
ఇసకలో పాతితే గుంటలు తవ్వుతారు.
పాతసామాన్లోడికిస్తే
ఇంకో ఇంటి పొయ్యెక్కుతాది.
గోనెసంచిలో బిగించి దూలానికి కట్టినాను.
దాని కిందే పడుకుంటన్నాం.

సీపురు ముట్టొద్దంది డాక్టరమ్మ, దుమ్ము లేస్తాదని.
తడిగుడ్డతో నేల తుడుస్తన్నాను.
మంచం కోళ్ళ కాడ, బియ్యం డబ్బా ఎనకాల,
పాకుతున్న చిన్నగుంట కంటే
రెండు జానల ముందు.

మూడో గుండు ఇంకా దొరకలేదు.